బూజు పట్టని ముక్కలు

వాలిపోయిన రెప్పల వెనక రామారావు మెలకువగానే ఉన్నాడని డాక్టరు చెప్పకపోతే, నేనూ అందరిలాగే మంచం పక్కన కాసేపు నిలబడి నిట్టూర్చి వచ్చేసేదాన్ని.

"మాట రాదు. రెప్ప ఎత్తలేడు. మింగలేడు. ఊపిరి ఆ మిషనే తీస్తోంది" అన్నాడు డాక్టర్ తేజ. కుర్రాడే, కాని నిద్ర లేక మొహం పీక్కుపోయి ఉంది. "మనం మాట్లాడేదంతా మాత్రం వింటున్నాడు. కుడిచేతి చూపుడువేలు ఇంకా కదులుతోంది. అడగాల్సింది తొందరగా అడగండి. సాయంత్రానికి ఆ వేలు కూడా ఉంటుందని నేను మాట ఇవ్వలేను."

ఇనుప గనుల ఊరు బచేలీలో అదొక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోం. ఉన్నది ఒక్కటే వెంటిలేటర్. అది రామారావు మంచం పక్కన బుసబుసమంటోంది.

నా పేరు నవీన. జగదల్‌పూర్‌లో ఒక గది, ఒక స్కూటీ, తలుపు మీద ఒక బోర్డు, అదే నా డిటెక్టివ్ ఏజెన్సీ. పుట్టింది సరిహద్దు పల్లె తర్లగూడలో కాబట్టి నోరు తెరిస్తే 'ఏంది' అంటాను. గనుల ఉద్యోగాలకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు ఆ మాటకి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం పోయింది?

గదిలో నాకు కిట్టని మనిషి కూడా ఒకడున్నాడు. రాజేశ్వరరావు, పోలీసు ఇన్‌స్పెక్టరుగా రిటైరై విశాఖలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. రామారావు అల్లుడు ఆయన్ని పంపాడు. సోమవారం పొద్దున కారు దిగాడు, సాయంత్రానికల్లా విషం పెట్టిన నేరస్థురాలెవరో తేల్చేశాడు. ఇవాళ మంగళవారం. సాయంత్రం లోపల, టౌన్‌షిప్‌లో పందిమాంసంతో సలామీ చేసి అమ్మే ప్రశాంతిని దంతెవాడ ఠాణాలో అప్పజెబుతానని అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు. ఆ ప్రశాంతి నాకు ఫోన్ చేసి ఏడిస్తేనే నేను వచ్చాను.

నేను రామారావు చెవి దగ్గర వంగాను.

"సార్, నేను నవీన. అవునంటే వేలు ఒకసారి ఎత్తండి, కాదంటే రెండుసార్లు. తెల్వకపోతే ఊకుండండి. మిమ్మల్ని పాము కరిచిందా?"

వేలు కదల్లేదు.

"శనివారం రాత్రి సలామీ తిన్నరా?"

ఒకసారి లేచింది.

"ప్రశాంతి ఇచ్చిందేనా?"

ఒకసారి లేచింది.

"ఇంకేం కావాలమ్మా?" అన్నాడు వెనక నుంచి రాజేశ్వరరావు. గొంతు బొంగురుగా ఉంది. చేతిలోంచి నీళ్ళ సీసా దించడం లేదు, గుక్క గుక్కకీ మూతి తడుపుకుంటున్నాడు. "బాధితుడే వాంగ్మూలం ఇచ్చేశాడు."

నేను వినిపించుకోలేదు. "మీ ఇంట్ల సామాన్ల గదిలో ఒక సలామీ వేలాడుతుంది గదా. దాంట్లకెల్లి కోసుకొని తిన్నరా?"

వేలు లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

"కాదంటున్నడు" అన్నాను.

"ఏం కాదు. మొదటినుంచీ రెండేసి వేళ్ళెత్తుతున్నాడు, నువ్వు దానికి ఒక్కోసారి ఒక్కో అర్థం చెప్పుకుంటున్నావు" అన్నాడాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఇలాంటి గారడీలు కోర్టులో నిలబడవు, అమ్మాయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచిందల్లా ఒక్క చూపుడువేలు. నన్ను వెర్రిదాన్ని చేయడానికే అబద్ధమాడుతున్నాడనుకున్నాను. రోగి దగ్గర గొడవెందుకని డాక్టరుని తీసుకుని వరండాలోకి వచ్చాను. రాజేశ్వరరావు కూడా వెంటే వచ్చాడు, వదిలితేగా.

"మీరేమనుకుంటున్నరు డాక్టరుగారూ? పాములెక్కనే ఉందా?"

"నేను మొదట కట్లపాము అనే అనుకున్నాను. వెన్నునొప్పి ఉందని ఆయన చాప మీద పడుకుంటాడు. ఆ పాము కరిస్తే గాటు కూడా కనపడదు, రెప్పలు ఇలాగే వాలతాయి" అన్నాడు తేజ. "కాని శనివారం రాత్రి కరిస్తే ఆదివారం పొద్దున్నే తెలియాలి. ఈయన పగలంతా బాగానే ఉన్నాడు. సాయంత్రం నోరు ఎండిపోతోందన్నాడట. టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఇద్దరుగా కనబడుతోందన్నాడట. తర్వాత మాట ముద్దయింది. జ్వరం లేదు, స్పృహ తప్పలేదు. పాము విషానికి ఇచ్చే మందు ఎక్కించాల్సినంత ఎక్కించాను, ఇసుమంత గుణం లేదు. నేను దేనికి వైద్యం చేస్తున్నానో నాకే తెలియడం లేదు."

ఆ చివరి మాట ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. అంత నిజాయితీగా చెప్పే డాక్టర్లని నేను ఎక్కువమందిని చూడలేదు.

ప్రశాంతి గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. గోవా హోటళ్ళలో వంట నేర్చుకుని, తండ్రికి ఒంట్లో బాగోలేక వెనక్కి వచ్చింది. పంది మాంసాన్ని ముక్కలు కొట్టి, ఉప్పూ మిరియాలూ పట్టించి, పేగులో కూరి, చల్లటి గదిలో వారాల తరబడి ఎండగట్టి సలామీ చేస్తుంది. పాత వ్యాన్ తనే నడుపుకుంటూ జగదల్‌పూర్ హోటళ్ళకి వేసి వస్తుంది. దాన్ని పొయ్యి మీద వండే పని లేదు, పల్చగా కోసుకుని తినడమే.

"మీ క్వార్టర్ల పందిమాంసం వ్యాపారం నడుస్తుందని రామారావు గనుల ఆఫీసుల ఫిర్యాదు చేసిండు. నిజమేనా?" అన్నాను.

"నిజమే అక్కా. వాసనొస్తుందని భయపడ్డారు. ఒకసారి వచ్చి చూడండి అంకుల్ అని నేనే పిలిచాను. వచ్చారు. ఒక ముక్క తిన్నారు, ఇంకో ముక్క అడిగారు. సెలవు నుంచి వచ్చాక, సోమవారం ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు వాపసు తీసుకుంటానన్నారు. ఆ సంతోషంలోనే రెండు సలామీలు ఇచ్చాను."

"ఎప్పుడిచ్చినవ్?"

"ఇచ్చి మూడు వారాలు దాటింది. తర్వాత ఆయన సెలవులో ఊరెళ్ళారు, వచ్చింది మొన్న శుక్రవారమే. ఆదివారం ఇలా అయింది."

"అంటే వాపసు తీసుకోలేదు" అన్నాడు రాజేశ్వరరావు. "ఫిర్యాదు అలాగే ఉంది. కక్ష అలాగే ఉంది. విషం పెట్టి ఇచ్చిన సరుకు కూడా ఉంది."

"ఆయనే చెప్తారు సార్. అంకుల్‌ని అడగండి."

నేను వెంటనే లోపలికి పరిగెత్తాను. నర్సు హుంగే రామారావు చేతిని తన చేతిలో పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి తల అడ్డంగా తిప్పింది. వేలు ఆగిపోయింది.

ప్రశాంతి పక్షాన సాక్షి ఒక్కడే ఉన్నాడు, ఇప్పుడు ఆ సాక్షి కూడా చేతికి అందకుండా పోయాడు. అయినా బయటికి వచ్చి, "ఆ ఇల్లు చూడనియ్యండి సార్, తరువాత మీ ఇష్టం" అన్నాను.

"నేను నిన్ననే మూలమూలా చూశాను. సరే, నీ సరదా ఎందుకు కాదనాలి? పద" అన్నాడాయన ఉదారంగా. కారు తాళం తలుపులో దూర్చడానికి రెండు మూడుసార్లు గుచ్చాడు. వయసు మీద పడింది, ఆపైన అహంకారం అనుకుని ఊరుకున్నాను.

మేం ముగ్గురం వెళ్ళేసరికి రామారావు క్వార్టర్‌లో అతని అక్క అప్పలనరసమ్మ ఒక్కతే ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి. భార్య పోయి అతను ఒంటరివాడయ్యాక విజయనగరం దగ్గర పల్లె వదిలి వచ్చి వండిపెడుతోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ప్రశాంతిని చూడగానే పక్కకి తిరిగింది. కోపమనుకున్నాను.

సామాన్ల గదిలో దూలానికి సలామీ వేలాడుతోంది. కాగితం సగం ఊడిపోయింది. పైనంతా తెల్లగా బూజు.

"చూడవమ్మా డిటెక్టివూ" అన్నాడు రాజేశ్వరరావు. "నిన్ననే నేను సీలు వేయించాల్సింది. వానాకాలంలో చెప్పులక్కూడా ఇంత బూజు పట్టదు. ఇది మనిషి తినే తిండేనా?"

"అది బూజే సార్, కాని అది ఉండాలి" అంది ప్రశాంతి. ఇంతసేపూ ఏడుపు దిగమింగిన పిల్ల, సరుకు మీద మాట పడేసరికి గొంతు నిలబెట్టుకుంది. "నేనే పట్టిస్తాను. ఈ తెల్లటిది చెడ్డ బూజుని దగ్గరికి రానివ్వదు. కడగొద్దు, ప్లాస్టిక్ కవర్లో చుట్టొద్దు, కాగితంలో పెట్టి చల్లగా గాలి తగిలే చోట వేలాడదీయమని చెప్పే ఇచ్చాను. ప్లాస్టిక్‌లో పెడితే చెమట పట్టి పాడవుతుంది. తినేటప్పుడు పైతోలు ఒలిచేయాలి."

"పాడైందని ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"చేత్తో తెలుస్తుంది, ముక్కుతో తెలుస్తుంది." ఆమె సలామీ దింపి నాకందించింది. "నొక్కండక్కా. గట్టిగా ఉందా? మెత్తబడి లొత్తలు పోకూడదు. వేలికి జిగురు తగలకూడదు. తెల్లటి పొడిలా ఉంటే పర్లేదు. పచ్చగానో నల్లగానో నూగు లేస్తే పారేయాలి. వాసన చూడండి."

చూశాను. వానలకి లేచిన పుట్టగొడుగుల వాసన, కింద కొంచెం పులుపు. మా తర్లగూడలో ఎండుచేపల వాసన మధ్య పెరిగిన ముక్కు నాది, కుళ్ళుంటే ఇట్టే పట్టేస్తుంది. ఇందులో లేదు.

"ముక్కుపుటాలు మండితే మాత్రం కుక్కకి కూడా పెట్టను" అంటూ ప్రశాంతి గూట్లోని చాకు తీసి చివర కోసింది. లోపల ముదురు ఎరుపు, మధ్యమధ్య తెల్లటి కొవ్వు. బూడిద రంగు లేదు. తోలు ఒలిచి, మేమెవరం వద్దనేలోగా ముక్క నోట్లో వేసుకుని నమిలింది.

"సాక్ష్యం తినేస్తున్నావేంటి?" అన్నాడు రాజేశ్వరరావు.

"విషమైతే నేనే పోతాను కదా సార్. చూడండి."

నాకు ఆ పిల్ల మీద ముచ్చటేసింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి అప్పుడే తట్టింది. "సార్, ప్రశాంతి కోసేదాక దీని మీద చాకు పడలేదు. రెండు కొసలకు దారం ముడులు వేసినవి వేసినట్టే ఉండె. రామారావు వేలు అబద్ధం చెప్పలేదు. ఆయన తిన్నది దీంట్లది కాదు. మరి రెండోదేది?"

"తినీసినాడమ్మా" అంది వెనక నుంచి అప్పలనరసమ్మ. అడిగిందే తడవుగా, కొంచెం ఎక్కువ తొందరగా.

"విన్నావా?" అన్నాడు రాజేశ్వరరావు. "రెండిచ్చింది. ఒకటి మంచిది, మనలాంటి వాళ్ళకి చూపించడానికి. ఒకటి విషం కలిపింది, ఆయన తినడానికి. ఒక ముక్క నమిలి నాటకమాడితే నేను నమ్మేస్తానా? ముప్పయ్యేళ్ళు యూనిఫాం వేసుకున్నాను."

"విషం కలిపిందనుటానికి మీ దగ్గరేముంది?"

"నీ దగ్గర లేదనడానికి ఏముంది?"

"సార్, డాక్టరుకే జబ్బు పేరు తెల్వది. మీరేమో విషమని ముందే రాసేసుకున్నరు. సాయంత్రందాక ఆగుతే మీ సొమ్మేం పోతది?"

"నా పేరు పోతుంది. నా చేతికొచ్చిన కేసు ఏదీ మూడో రోజు చూడలేదు." ఆయన సలామీ కోసం చెయ్యి చాపాడు. నా చేతికి జానెడు పక్కన గాలిని పట్టుకున్నాడు. నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. "కళ్ళజోడు మార్చాలి" అని గొణిగి, రెండోసారికి లాక్కున్నాడు. "ప్రశాంతీ, నడు. నీ అంతట నువ్వొచ్చి చెప్పావని రాయిస్తాను, అది నీకే మంచిది. రానంటే వాళ్ళే వస్తారు."

ప్రశాంతి నా వైపు చూసింది. వెళ్ళొద్దని చెప్పాలనే ఉంది నాకు. కాని వెళ్ళకపోతే పారిపోయిందంటారు, టౌన్‌షిప్‌లో ఆ మాట అంటుకుంటే ఇక ఈ జన్మలో ఆమె సలామీ ఎవరూ కొనరు. "పో, నేను వెనకనే వస్తా. ఫోన్ చేతుల పట్టుకో" అన్నాను. రాజేశ్వరరావు గుమ్మం దాటుతూ భుజం తలుపుచెక్కకి కొట్టుకుని, దాన్ని తిట్టుకుంటూ వెళ్ళాడు. కారు దంతెవాడ రోడ్డెక్కింది.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

"పెద్దమ్మా, కొంచెం మంచినీళ్ళిస్తావా?" అన్నాను.

ఆమె వంటింట్లోకి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. అటక కింద అలమరలో ఊరగాయ జాడీలు వరసగా ఉన్నాయి, ఆవకాయ, మాగాయ, ఉసిరి. జాడీల మూతులకి వాసెన కట్టిన గుడ్డలన్నీ కారం, పసుపు మరకలతో మాసిపోయి ఉన్నాయి. చివరి జాడీ గుడ్డ మాత్రం కొత్తది, మగవాళ్ళ గళ్ళ లుంగీ ముక్క. అప్పలనరసమ్మ నీళ్ళ గ్లాసు నాకిచ్చి, ఆ జాడీకి అడ్డంగా నిలబడింది.

"అదేం పచ్చడి పెద్దమ్మా?"

"ఊరగాయమ్మా. ముట్టుకోకు, తడి తగిల్తే పాడైపోద్ది."

"అయితే నువ్వే తెరువు."

ఆమె తెరవలేదు.

"పెద్దమ్మా, నీ తమ్ముని వేలు కూడా ఆగిపోయింది ఇందాక" అన్నాను. బెదిరించాలని కాదు. "ఆయన ఏం తిన్నడో తెలిస్తేనే డాక్టరు ఏమన్న చేయగలడు. ఆ పిల్లను జైల్ల వేసినంత మాత్రాన ఈయన లేవడు. రెండో సలామీ ఏం చేసినవ్?"

అప్పలనరసమ్మ అలమర పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

"మావోలకి సెప్పీకు తల్లీ. నాను పందిమాంసం తినను, ముట్టను. అలాటిది నా ఊరగాయల వరసలో ఎట్టీసినానని తెలిస్తే నా సేతి నీల్లు ముట్టరు."

"ఎవ్వరికీ చెప్పను. చెప్పు."

"ఆ పిల్ల ఇచ్చినవి బూజట్టి ఉన్నాయమ్మా. మా తమ్ముడు ఊరెల్లినాడు. ఆడొచ్చి సూస్తే బూజుసరుకు ఇచ్చిందని ఆ పిల్లని మల్లీ తిడతాడు, పాపం సిన్నపిల్ల అనుకున్నాను. అందుకని ఒకటి దింపి కొబ్బరిపీసుతో రుద్ది కడిగీసినాను. ఉప్పు మరీ ఎక్కువున్నాదని ఎండుసేప నానెట్టినట్టు ముక్కలు కోసి రాత్రంతా నీల్లల్లో నానెట్టీసినాను. ఎల్లుల్లి ఒలిసి ఏసి, మునిగీదాకా నువ్వునూని పోసీసినాను. నూనిలో మునిగితే ఏటీ పాడవదు కదమ్మా. ఊరనీమని అలగే ఒదిలీసినాను. శనోరం ఆడికి రొట్టెల్లోకి ఎట్టినాను. బాగుందన్నాడమ్మా. అక్కా, ఎలగ సేసినావు అనడిగినాడు."

"రెండోది?"

"అదీ కడుగుదారనుకున్నాను. నడుం పట్టీసింది."

జాడీ దింపి వాసెన విప్పాను. నూనె తేటగా ఉంది. ఎర్రటి ముక్కలు, తెల్లటి వెల్లుల్లి. బూజన్నది మచ్చుకైనా లేదు. వాసన చూశాను, కమ్మగా ఉంది. అన్నంలో వేసుకోవాలనిపించేలా ఉంది. ఒక వెల్లుల్లి రెబ్బ పక్కన చిన్న బుడగ మాత్రం మెల్లగా పైకి తేలి పగిలింది.

డాక్టర్ తేజకి ఫోన్ చేసి ఆమె చెప్పిందంతా చెప్పాను.

"గాలి తగలకుండా, గది వేడిలో, ఇన్నాళ్ళా?" అన్నాడు. "ఆ జాడీ ఎవర్నీ ముట్టనివ్వకండి. ఇది బొటులిజం. పాము కాదు."

"అంటే ఏంది సార్?"

"మట్టిలో ఉండే సూక్ష్మజీవి. వెల్లుల్లికి అంటుకుని కూడా వస్తుంది. గాలి ఉన్నచోట పెరగదు, గాలి లేనిచోట పెరిగి విషం కక్కుతుంది. ఆవకాయలో పులుపూ ఉప్పూ ఉంటాయి కాబట్టి దాన్ని నూనెలో పోసినా ఏం కాదు. సలామీని కూడా ఆ ఉప్పు, పులుపు, పొడితనం కాపాడతాయి. ఆవిడ ఆ మూడూ కడిగేసి, మీద నూనె మూత పెట్టింది. ఆ విషానికి రంగుండదు, రుచుండదు, వాసనుండదు. తిన్న మర్నాటికి నోరెండిపోతుంది, గొంతు బొంగురుపోతుంది, ఒకటి రెండుగా కనబడుతుంది. ఆ తర్వాత రెప్పలు, మింగడం, ఊపిరి. దీనికి వేరే విరుగుడుంది, ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే కనుక్కుంటాను. మిషను మీద ఉన్నాడు కాబట్టి రామారావుకి టైముంది. అమ్మయ్య, జబ్బు పేరైనా తెలిసింది."

ఫోన్ స్పీకర్లో ఉంది. అప్పలనరసమ్మ అంతా వింది.

"నానేనా?" అంది. "నా తమ్ముణ్ణి నానే సంపీసినానేటమ్మా?"

నేను మనుషుల్ని నిలదీసి బతికేదాన్ని, ఓదార్చడం నాకు రాదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "బతికే ఉన్నడు పెద్దమ్మా. నువ్వు చెప్పబట్టే ఇప్పుడు దారి దొరికింది. ప్రశాంతి కూడా బయటపడ్డది."

ఆ మాట అంటూ జాడీకి మళ్ళీ గుడ్డ కట్టబోయాను. లోపలి అంచున నూనె వలయం కనబడింది. మొదట పోసినప్పుడు నూనె మెడదాకా వచ్చిందన్నమాట. ఇప్పుడు అది నాలుగు వేళ్ళు దిగి ఉంది. పై ముక్కలు నూనెలోంచి బయటికి తేలి కనబడుతున్నాయి.

"పెద్దమ్మా, తమ్ముడు ఎన్ని ముక్కలు తిన్నడు?"

"రెండో, మూడో. ఎక్కువ తినడమ్మా ఆడు."

"రెండు మూడు ముక్కలకు ఇంత దిగదు గదా. నువ్వు ముట్టవు. ఇంకెవరు తిన్నరు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ వైజాగు బాబు. నిన్న మజ్జాన్నం జాడీలన్నీ మూతలు తీసి వాసన సూసినాడు. ఇదేటని అడిగినాడు. పందని ఎలగ సెప్పను? మేకమాంసం ఊరగాయ బాబూ అన్నాను. ఇంటికొచ్చిన మనిసిని కాళీ కడుపుతో పంపలేం కదా, రొట్టెలు కాల్సి ఎట్టినాను. శానా బాగుందని మల్లీ మల్లీ అడిగి ఏయించుకున్నాడు."

నిన్న మధ్యాహ్నం.

చేతిలోంచి దించని నీళ్ళ సీసా. బొంగురు గొంతు. తలుపులో దూరని తాళంచెవి. జానెడు పక్కన గాలిని పట్టుకున్న చెయ్యి. మొదటినుంచీ రెండేసి వేళ్ళెత్తుతున్నాడని నాతో వాదించాడు. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకి అలాగే కనబడింది. నేను కోపంలో పడి, కళ్ళెదుట ఉన్నది చూడకుండా వదిలేశాను.

డాక్టరు ఇంకా లైన్లోనే ఉన్నాడు. "ఎవరండీ? ఇంకొకరు కూడా తిన్నారా?" అని అడుగుతున్నాడు. "నా దగ్గర ఇంకో వెంటిలేటర్ లేదు."

ఆయనకి జవాబు చెప్పకుండానే కట్ చేసి ప్రశాంతి నంబరు నొక్కాను. దంతెవాడ రోడ్డంతా మలుపులు, ఎదురుగా ఇనుపఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. రింగవుతోంది. ఎత్తడం లేదు. ఎత్తు తల్లీ, ఎత్తు.

ఎత్తింది.

"ప్రశాంతీ, గట్టిగ మాట్లాడకు. సారుతోని కారు పక్కకు ఆపించు. ఆపకపోతే స్టీరింగ్ నువ్వు పట్టుకో. ఆ మనిషికి చూపు..."

"అక్కా" అంది ప్రశాంతి. గొంతు తగ్గించే మాట్లాడుతోంది, ఆ వెనక రాజేశ్వరరావు ఏదో అంటున్నాడు, నాలుక మందమై ఒక్క ముక్కా తెలియడం లేదు. "సార్ నా మాట వినడం లేదు. ఎదురుగా రెండు లారీలు వస్తున్నాయి, మధ్యలోంచి దూరిపోదాం అంటున్నారు. నాకు ఒక్కటే కనబడుతోంది అక్కా."